ఫోన్‌కు దొరికే సిగ్నల్ రౌటర్‌కు ఎందుకు దొరకదు?

ప్రశ్న: మా ఇంటి దాకా ఫైబర్ కేబుల్ రాదు. ఇంటి నుంచే పని చేసుకోవాలి కాబట్టి సిమ్ వేసుకునే 4జీ రౌటర్ పెట్టుకున్నాం. వేరే దేశంలో ఉండే మా తమ్ముడు తన దగ్గర వాడకుండా పడున్నదాన్ని ఇచ్చాడు, డబ్బా మీద "గ్లోబల్" అని ఉంది. అదే సిమ్ ఫోన్‌లో వేస్తే 25, 30 ఎంబీపీఎస్ వస్తోంది. రౌటర్‌లో వేస్తే 3 దాటదు. వీడియో కాల్‌లో మొహాలు బిగుసుకుపోతున్నాయి. కిటికీ దగ్గర పెట్టినా అంతే. బయట యాంటెన్నా బిగిస్తే సరిపోతుందని ఒకరు, రౌటరే పాడైందని ఇంకొకరు అంటున్నారు. ఫోన్‌లోనూ, రౌటర్ పేజీలోనూ కనిపించిన అంకెలను ఫొటో తీసి పంపుతున్నాను. యాంటెన్నా కొనాలా, రౌటర్ మార్చాలా? మారిస్తే ఏం చూసి కొనాలి? తర్వాత ఒక సీసీ కెమెరా కూడా పెట్టాలని ఉంది.

జవాబు: యాంటెన్నా కొనకండి. కనీసం ఇప్పుడే కొనకండి. మీ రౌటర్ పాడవలేదు కూడా. చాలామంది "నెట్ స్లోగా ఉంది, ఏం చేయాలి" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. మీరు అంకెలు పంపారు కాబట్టి నా పని సగం తగ్గింది.

మీ ఫోన్ ఫొటోలో ఉన్నది ఇది: బ్యాండ్ 28, ఆర్‌ఎస్‌ఆర్‌పీ మైనస్ 88. రౌటర్ పేజీలో ఉన్నది ఇది: బ్యాండ్ 3, ఆర్‌ఎస్‌ఆర్‌పీ మైనస్ 113, ఎస్‌ఐఎన్‌ఆర్ 1. సిమ్ ఒకటే, ఇల్లు ఒకటే, బహుశా టవర్ కూడా ఒకటే. కానీ ఆ రెండూ వింటున్నది వేర్వేరు బ్యాండ్లు, అంటే రేడియోలో వేర్వేరు స్టేషన్లు విన్నట్టు.

ఆర్‌ఎస్‌ఆర్‌పీ అంటే టవర్ పంపే సిగ్నల్ మీ దగ్గరికి చేరేసరికి ఎంత మిగిలిందో చెప్పే అంకె. ముందు మైనస్ ఉంటుంది కాబట్టి అంకె చిన్నదైతే మంచిది. మైనస్ 80 భేష్, 100 పర్వాలేదు, 110 దాటిందంటే టెన్షన్ మొదలైనట్టే. మీ రెండు అంకెలకూ తేడా 25 డెసిబెల్స్. ప్రతి 10 డెసిబెల్స్‌కు 10 రెట్లు చొప్పున లెక్క, కాబట్టి ఫోన్‌కు అందుతున్న సిగ్నల్ రౌటర్‌కు అందుతున్నదానికంటే 300 రెట్లు ఎక్కువ. ఇక ఎస్‌ఐఎన్‌ఆర్ అనేది మనకు కావలసిన సిగ్నల్‌కూ, చుట్టూ ఉన్న రొదకూ మధ్య తేడా. 20 ఉంటే హాయిగా ఉంటుంది. 1 ఉందంటే సిగ్నల్, రొద దాదాపు సమానంగా ఉన్నట్టు. అలాంటప్పుడు రౌటర్, టవర్ ఒకే మాటను మళ్లీ మళ్లీ చెప్పుకుంటూ కూర్చుంటాయి. మీ వీడియో కాల్‌లో మొహాలు బిగుసుకుపోయేది ఆ కాసేపే.

మరి రౌటర్ ఆ మంచి బ్యాండ్ 28ను వదిలేసి, నీరసంగా ఉన్న బ్యాండ్ 3నే ఎందుకు పట్టుకుని వేలాడుతోంది? జవాబు అదే ఫొటోలో కింద, సగం తెగిపోయిన వరుసలో ఉంది. మాడ్యూల్ పేరు: క్వెక్టెల్ ఈసీ25-ఈ. రౌటర్ డబ్బా ఎవరు చేసినా, లోపల మొబైల్ నెట్‌వర్క్‌తో మాట్లాడేది ఇలాంటి చిన్న మాడ్యూల్. ఈసీ25లో చాలా రకాలున్నాయి, చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి. తేడా అంతా చివరి అక్షరంలో ఉంటుంది. "ఈ" రకం వినగలిగే 4జీ బ్యాండ్లు 1, 3, 5, 7, 8, 20, 38, 40, 41. "ఏ" రకానికి 2, 4, 12 మాత్రమే తెలుసు. "ఏయూ" రకానికి 28 కూడా వచ్చు. మీ దగ్గరున్నది "ఈ". ఆ జాబితా ఇంకోసారి చూడండి, 28 లేదు. అంటే మీ రౌటర్‌కు సంబంధించినంతవరకు మీ ఇంటి మీదుగా పోయే ఆ మంచి సిగ్నల్ ఉన్నా లేనట్టే. దానికి వినిపించే వాటిలో కాస్తో కూస్తో అందుతున్నది బ్యాండ్ 3 ఒక్కటే, గుడ్డిలో మెల్ల అన్నట్టు దాన్నే పట్టుకుంది.

యాంటెన్నా వద్దన్నది ఇందుకే. 28 తెలియని మాడ్యూల్‌కు ఎంత పెద్ద యాంటెన్నా తగిలించినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

బ్యాండ్ అనే మాట గురించి కొంచెం చెప్పాలి. 4జీ అంటే ఒకే తరంగం కాదు. 600 మెగాహెర్ట్జ్ దగ్గర్నుంచి 3,000 పైన దాకా రకరకాల ముక్కలకు ప్రపంచమంతటికీ కలిపి నంబర్లు ఇచ్చారు. బ్యాండ్ 3 అంటే 1800 మెగాహెర్ట్జ్ ముక్క, బ్యాండ్ 40 అంటే 2300, బ్యాండ్ 28 అంటే 700. ఏ దేశంలో ఏ ముక్కలు ఖాళీగా ఉన్నాయో, ఏ కంపెనీ ఏ ముక్క వేలంలో కొనుక్కుందో దాన్నిబట్టి టవర్ల మీద బ్యాండ్లు ఉంటాయి. అందుకే ఒక దేశంలో దర్జాగా పనిచేసిన రౌటర్ ఇంకో దేశంలో నీళ్లు నములుతుంది. మీ తమ్ముడు ఇచ్చిన రౌటర్ తప్పుదేం కాదు. తన దగ్గర ఉన్న 800 మెగాహెర్ట్జ్ బ్యాండ్ 20 కోసం, 2600 మెగాహెర్ట్జ్ బ్యాండ్ 7 కోసం తయారైంది. డబ్బా మీద "గ్లోబల్" అని ఉందని రాశారు. ఆ మాటకు కొలత లేదు. ఎవరైనా రాసుకోవచ్చు.

"700 సపోర్ట్ చేస్తుంది" అని ఎవరైనా చెబితే అక్కడే ఆగి నంబరు అడగండి. బ్యాండ్ 28లో టవర్ నుంచి మనకు వచ్చే దారి 758 నుంచి 803 మెగాహెర్ట్జ్. ఉత్తర అమెరికాలో వాడే బ్యాండ్ 12నూ 700 అనే అంటారు, కానీ దాని దారి 729 నుంచి 746. పేరు ఒకటే, రెండూ ఎక్కడా కలవవు. 2600 దగ్గరా ఇదే గొడవ: బ్యాండ్ 7లో పంపడానికీ అందుకోవడానికీ వేర్వేరు దారులుంటాయి, బ్యాండ్ 38లో ఒకే దారిలో వంతులవారీగా పంపడం, అందుకోవడం జరుగుతుంది. కొనేటప్పుడు మెగాహెర్ట్జ్ లెక్క పక్కనపెట్టి బ్యాండ్ నంబరు చూడటమే క్షేమం.

మీ ఇంటి దగ్గర 28 బాగా రావడం ఆశ్చర్యమేమీ కాదు. 700 మెగాహెర్ట్జ్ తరంగం ఒక్కోటి 40 సెంటీమీటర్లకు పైగా పొడవుంటుంది, 1800ది 17 దాకా ఉంటుంది. పొడవాటి తరంగం దూరం పోతుంది, చెట్లనూ గోడలనూ దాటుకుని లోపలికి వస్తుంది. ఊరికి దూరంగా, టవర్లు పలచగా ఉన్నచోట కంపెనీలు ఇలాంటి తక్కువ బ్యాండ్ల మీదే ఆధారపడతాయి. ఫైబర్ రాని ఇళ్లూ ఎక్కువగా అలాంటి చోట్లే ఉంటాయి. కాబట్టి సిమ్ రౌటర్ అవసరమయ్యే మనిషికి అందులో మిగతా బ్యాండ్లు ఎన్ని ఉన్నా, ఈ తక్కువ బ్యాండ్ ఒక్కటి లేకపోతే పెద్దగా ఉపయోగం లేదు.

కొత్తది కొనే ముందు ఒక్క సాయంత్రం కేటాయించండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో నెట్‌మాన్‌స్టర్ లాంటి యాప్ వేసుకుని, రౌటర్ పెట్టాలనుకున్న చోట ఫోన్‌ను పది నిమిషాలు వదిలేయండి. ఏ బ్యాండ్ పట్టుకుంది, పక్కన ఇంకేవి వినిపిస్తున్నాయి అన్నది రాసుకోండి. ఐఫోన్ అయితే డయలర్‌లో *3001#12345#* కొడితే ఇలాంటి వివరాల పేజీ తెరుచుకుంటుంది. కాస్త గజిబిజిగా ఉంటుంది కానీ బ్యాండ్ కనిపిస్తుంది. గదిలో ఒకసారి, కిటికీ దగ్గర ఒకసారి, డాబా మీద ఒకసారి చూడండి. పగలొకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి స్పీడ్ చూడండి. టవర్ అందరిదీ. పగటి 30 రాత్రికి 8 అయితే, ఏ రౌటర్ కొన్నా ఆ 8 పెద్దగా పెరగదు. ఈ సంగతి ముందే తెలిస్తే ఇంకో కంపెనీ సిమ్‌తో కూడా ఇదే పరీక్ష చేసుకోవచ్చు.

ఆ జాబితా చేతిలో పెట్టుకుని రౌటర్ చూడండి. మోడల్ పేరు ఒక్కటే చాలదు, చివర ఉండే అంకెలు, అక్షరాలతో సహా పూర్తి పేరు చూడాలి. ఒకే మోడల్ వేర్వేరు ప్రాంతాలకు వేర్వేరు బ్యాండ్లతో వస్తుంది. రౌటర్ అడుగున అంటించిన స్టిక్కర్ మీద ఉండే పేరే నమ్మండి, అమ్మకం పేజీలోది కాదు. మీ విషయంలో 28 ఉండి తీరాలి, 3 కూడా ఉండాలి. మీ ఫోన్‌కు ఇంకేదైనా బ్యాండ్ వినిపిస్తే దాన్నీ కలుపుకోండి.

తర్వాత చూడాల్సింది కేటగిరీ (పొట్టిగా క్యాట్), అంటే రౌటర్ ఎంత స్పీడ్ దాకా అందుకోగలదో చెప్పే తరగతి. ఇది బ్యాండ్ అంత ముఖ్యం కాదు కానీ మీ విషయంలో పనికొస్తుంది. క్యాట్ 4 రౌటర్ ఒకసారికి ఒక్క బ్యాండ్‌నే వాడుతుంది, కాగితం మీద గరిష్ఠంగా 150 ఎంబీపీఎస్. క్యాట్ 6 రెండిటిని కలిపి వాడుకోగలదు, కాగితం మీద 300. దీన్నే క్యారియర్ అగ్రిగేషన్ అంటారు. క్యాట్ 12, క్యాట్ 18 అని పైకి పోయేకొద్దీ ఇంకా ఎక్కువ కలుపుతాయి. తక్కువ బ్యాండ్లతో ఒక చిక్కుంది: దూరం పోతాయి కానీ ఇరుకు. ఒక కంపెనీకి 700లో 5 లేదా 10 మెగాహెర్ట్జ్ వెడల్పే ఉండటం మామూలు, క్యాట్ 4కు ఆ 150 రావాలంటే 20 కావాలి. ఇరుకు దారికి ఇంకో దారి తోడైతే తప్ప స్పీడ్ పెరగదు. కాబట్టి క్యాట్ 6కు తగ్గకండి. ఇందులోనూ ఒక మెలిక ఉంది. రౌటర్‌లో 28, 3 రెండూ ఉన్నంత మాత్రాన ఆ రెండిటినీ కలపగలదని కాదు. ఏ బ్యాండ్‌ను ఏ బ్యాండ్‌తో కలపగలదో తయారీదారు విడిగా జాబితా ఇస్తాడు, అందులో 3, 28 జంట ఉందో లేదో చూడండి. ఆ జాబితా దొరక్కపోతే ఆ రౌటర్ వదిలేయండని అనను. నేనైతే తిరిగి ఇచ్చే వీలున్న చోటే కొంటాను.

ఇప్పుడు యాంటెన్నా సంగతి, ఎందుకంటే ఇందులో నేను దెబ్బ తిన్నాను. కొన్నేళ్ల కింద నేను కూడా డాబా మీద పెద్ద యాంటెన్నా పెట్టించి, 10 మీటర్ల సన్నని కేబుల్ కింద హాల్లో ఉన్న రౌటర్‌కు లాగించాను. అంతా బిగించి చూస్తే సిగ్నల్ అంతకుముందుకన్నా తగ్గింది. కారణం కేబులే. ఆర్‌జీ58 లాంటి సన్నని కేబుల్‌లో 2000 మెగాహెర్ట్జ్ దగ్గర మీటరుకు ఒక డెసిబెల్‌కు కాస్త అటూ ఇటుగా పోతుంది. యాంటెన్నా పైన సంపాదించిందంతా కేబుల్ దారిలోనే మింగేసింది. మీరు చేయాల్సిన పని దీనికి తిరగేసి ఉంటుంది. ఎక్స్‌టెన్షన్ బోర్డు పట్టుకుని రౌటర్‌నే డాబా మీదికి తీసుకెళ్లండి. అక్కడ అంకెలు బాగుంటే రౌటర్‌ను పైనే ఎండా వానా తగలని చోట పెట్టి, కిందికి లాన్ కేబుల్ దింపండి. లాన్ కేబుల్‌లో 100 మీటర్ల దాకా ఏమీ తగ్గదు. ఇప్పుడున్న పాత రౌటర్‌తో కూడా ఈ పరీక్ష చేసి చూడండి. డాబా మీద బ్యాండ్ 3 ఆర్‌ఎస్‌ఆర్‌పీ మైనస్ 100 కన్నా మెరుగ్గా, ఎస్‌ఐఎన్‌ఆర్ 10 పైన వస్తే, అసలు కొత్తది కొనే పనే లేకపోవచ్చు.

ఎప్పటికైనా యాంటెన్నా కొనాల్సి వస్తే రెండు గుర్తుంచుకోండి. రౌటర్ రెండు యాంటెన్నాలతో పనిచేసేలా తయారైంది కాబట్టి రెండు కేబుళ్లున్న యాంటెన్నా కావాలి. రెండోది కనెక్టర్. మొబైల్ యాంటెన్నా పోర్టులు మామూలుగా ఎస్‌ఎంఏ రకం, వైఫై యాంటెన్నాలు ఆర్‌పీ-ఎస్‌ఎంఏ రకం. మరలు ఒకటే కాబట్టి ఒకదాని మీద ఒకటి చక్కగా తిరిగి బిగుసుకుంటాయి. కానీ లోపల మధ్యలో ఒకదానికి సూది ఉండాల్సిన చోట బొక్క ఉంటుంది. బొక్కకు ఎదురుగా బొక్క పడితే బయటికి గట్టిగా బిగినట్టే ఉంటుంది, లోపల ఏదీ తగలదు. బిగించే ముందు రెండు వైపులా ఒకసారి తొంగిచూడండి.

బ్యాండ్లన్నీ కుదిరినా సిమ్ వైపు నుంచి కొన్ని పేచీలు రావచ్చు. రౌటర్ వేరే కంపెనీకి లాక్ అయి ఉంటే సిమ్ వేయగానే అన్‌లాక్ కోడ్ అడుగుతుంది. సెకండ్‌హ్యాండ్‌లో కొంటే ఇది ముందే అడిగి తేల్చుకోండి. ఇంకొకటి ప్లాన్. ప్రతి పరికరానికీ 15 అంకెల ఐఎంఈఐ ఉంటుంది, అందులో మొదటి 8 అంకెలు చూసే అది ఫోనా రౌటరా అని నెట్‌వర్క్ పోల్చుకోగలదు. ఫోన్ ప్లాన్‌ను రౌటర్‌లో వాడటం ఒప్పుకోని కంపెనీలున్నాయి. ఇంటి ఇంటర్నెట్ పేరుతో ఇచ్చే సిమ్‌లలో కొన్ని ఒక్క చిరునామా దగ్గరే, ఒక్క టవర్ మీదే పనిచేస్తాయి. కస్టమర్ కేర్‌ను ఈ ఒక్క ప్రశ్న సూటిగా అడగండి: "ఈ ప్లాన్ రౌటర్‌లో వాడొచ్చా, బయటి నుంచి తెచ్చుకున్న రౌటర్ అయినా పర్లేదా?" ఐఎంఈఐ మార్చేస్తే పనవుతుందని సలహా ఇచ్చేవాళ్లుంటారు. చాలా దేశాల్లో అది నేరం, ఆ జోలికి పోకండి.

కొత్త రౌటర్ వచ్చాక కొన్ని సైట్లు మాత్రమే తెరుచుకుని మిగతావి తెరుచుకోకపోతే సిగ్నల్‌ను తిట్టుకోకండి. ఏపీఎన్ (సిమ్‌ను ఇంటర్నెట్‌కు కలిపే వివరాలు) సెట్టింగ్‌లో ఐపీ రకం "ఐపీవీ4వీ6" అని, అంటే పాత ఐపీవీ4, కొత్త ఐపీవీ6 చిరునామాలు రెండూ వాడేలా ఉందో లేదో చూడండి. కొన్ని నెట్‌వర్క్‌లు ఐపీవీ6 ఒక్కటే ఇస్తాయి. ఫోన్లలో పాత సైట్లకు దారి చూపే ఏర్పాటు ఉంటుంది, పాత రౌటర్లలో చాలావాటికి అది లేదు.

సీసీ కెమెరా పెట్టుకోవచ్చు, కాకపోతే క్లౌడ్ ద్వారా ఫోన్ యాప్‌లో కనిపించే రకమే తీసుకోండి. సిమ్ ఇంటర్నెట్‌లో చాలావరకు మీకంటూ విడిగా ఐపీ చిరునామా ఉండదు, వందలమందిది ఒకే చిరునామా. రౌటర్ పేజీలో ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే అదే గుర్తు. అలాంటప్పుడు పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టుకుని బయటి నుంచి నేరుగా కెమెరా చూడటం కుదరదు. కెమెరా రోజంతా వీడియో పైకి పంపుతుంటే మీ డేటా కూడా కరిగిపోతుంది, కదలిక ఉన్నప్పుడే పంపేలా పెట్టండి.

5జీ రౌటర్ కొనేయాలా అని మీరు అడగలేదు, కానీ షాపులో తప్పకుండా అంటారు. మీ ఇంటి దగ్గర ఫోన్‌కు 5జీ వస్తుంటే ఆలోచించండి. అప్పుడు కూడా 4జీ బ్యాండ్లు చూడక తప్పదు, ఎందుకంటే చాలాచోట్ల 5జీ ఇప్పటికీ 4జీని ఆసరా చేసుకునే నడుస్తోంది. 4జీ బ్యాండ్ కుదరకపోతే 5జీ కూడా అంటుకోదు.

పాత రౌటర్‌ను మాత్రం అటక మీద పడేయకండి. సిమ్ తీసేసి, డీహెచ్‌సీపీ (పరికరాలకు ఐపీ చిరునామాలు పంచే ఏర్పాటు) ఆఫ్ చేసి, కొత్తదాని నుంచి ఒక లాన్ కేబుల్‌ను దాని లాన్ పోర్టులోకి పెడితే వెనక గదికి వైఫై ఇస్తుంది. దాని ఐపీ చిరునామా కొత్తదానిదే కాకుండా మార్చడం మాత్రం మర్చిపోకండి, లేకపోతే రెండూ పోట్లాడుకుని ఇంట్లో అసలు నెట్టే ఉండదు.